ఊరి బడికి ఏడాది పొడవునా అండగా నిలవడం ఎలా?

"మా ఊరి బడి బాగుపడాలంటే ఒక్కో ఇంటికి ఎంత వేసుకోవాలి?" ఈ ప్రశ్న నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి పదేపదే వస్తుంది. ఒకసారి చందా వేసి, గోడలకు రంగులు కొట్టించి, గేటు మీద పేర్లు రాయించి వదిలేసిన బళ్లు చాలా ఉన్నాయి. రెండేళ్లకు రంగు వెలుస్తుంది, మోటారు కాలిపోతుంది, మూడో తరగతి పిల్ల మాత్రం ఇంకా ఒత్తుల దగ్గరే తడబడుతూ ఉంటుంది. బడికి ముందుగా కావాల్సింది నెలనెలా తప్పకుండా వచ్చే నలుగురు మనుషులు, వాళ్లు రాసిపెట్టే ఒక పుస్తకం. డబ్బు అవసరం తర్వాత వస్తుంది. వచ్చినా, చాలాసార్లు మీరనుకున్నంత ఉండదు.

ఇక్కడ చెప్పేది గ్రామాల్లోని ప్రభుత్వ ప్రాథమిక, ప్రాథమికోన్నత బళ్లకు సరిపోతుంది. పట్నం బళ్లకూ చాలా వరకు వర్తిస్తుంది.

కావాల్సినవి

ఐదారుగురు మనుషులు. అందులో సగమైనా తల్లులు ఉండాలి. ఊళ్లో ఉన్న ప్రతి వాడ నుంచి, ఎస్సీ కాలనీ, యానాది కాలనీ, పట్టపుపాళెం (మత్స్యకారుల వాడ) ఏది ఉంటే అక్కడి నుంచి, కనీసం ఒకరు రావాలి. చదువు వచ్చినవాళ్లే కావాలని లేదు.

రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం ఒకటి. విడి కాగితాలు వద్దు, అవి మిగలవు. అర్జీల నకళ్లు, రసీదులు పెట్టుకోవడానికి ఒక ఫైలు. కొలిచే టేపు, ఒక బకెట్, నీళ్ల నమూనాకు శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసా. బడి యూడైస్ కోడ్, అంటే ప్రభుత్వ లెక్కల్లో ఆ బడిని గుర్తించే పదకొండు అంకెల సంఖ్య. హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) గారిని అడిగి పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. ప్రతి అర్జీలోనూ అది అవసరమవుతుంది.

1. ఉన్న కమిటీని ముందు నిద్ర లేపండి

కొత్త సంఘం పెట్టకండి. ప్రతి ప్రభుత్వ బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ, అందరూ అనే మాటలో ఎస్‌ఎంసీ, చట్టప్రకారం ఉండి తీరాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాని సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది మహిళలు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకుంటారు, హెచ్‌ఎం కన్వీనర్‌గా ఉంటారు. బడి పనితీరు చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం ఈ మూడూ ఆ కమిటీ పనులని చట్టంలోనే ఉంది.

హెచ్‌ఎం గారి దగ్గరికి వెళ్లి సభ్యుల జాబితా అడగండి. జాబితాలో పేరున్న తల్లికి తాను సభ్యురాలినన్న సంగతే తెలియకపోవడం అరుదేమీ కాదు. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి చెప్పండి. మీరు సభ్యులు కాకపోయినా ఫరవాలేదు, పని చేసేవాళ్లుగా ఉండండి. తీర్మానం మాత్రం కమిటీ పేరు మీదే రాయాలి. ఊరి పెద్దలు విడిగా సంతకాలు పెట్టిన కాగితానికీ, కమిటీ తీర్మానం నకలుకూ కార్యాలయంలో దక్కే విలువ ఒకటి కాదు.

హెచ్‌ఎం గారితో మొదటి మాట ఎలా మొదలవుతుందన్నదాని మీద ఏడాదంతా ఆధారపడి ఉంటుంది. "సార్, మీకు ఏ పనిలో మనిషి సాయం కావాలి?" అని అడగండి. "తనిఖీకి వచ్చాం" అన్న ధోరణి కనిపిస్తే తలుపు అక్కడే మూసుకుంటుంది. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నడిపే బడిలో వాళ్ల రోజు ఎలా గడుస్తుందో ఒక పూట కూర్చుని చూస్తే మీ ప్రశ్నలే మారిపోతాయి.

2. సమావేశం వేళ మార్చండి

సాయంత్రం నాలుగింటికి బడిలో పెడితే ఎప్పుడూ వచ్చే నలుగురే వస్తారు. నాట్లకు, కలుపులకు పోయినవాళ్లు ఇల్లు చేరి, పొయ్యి వెలిగించి, అన్నం వండేసరికి ఏడవుతుంది. కాబట్టి రాత్రి ఏడున్నరకు, ఒక నెల బడి వరండాలో, ఒక నెల కాలనీ రామమందిరం లేదా చర్చి ముందు పెట్టండి. తీరంలో అయితే చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది. తండ్రులు ఊళ్లోనే దొరికే రోజులవి. బడి తెరిచే వారమూ దానికి కలిసి వస్తుంది కాబట్టి ఏడాది మొదటి సమావేశం అప్పుడే పెట్టుకోండి.

గంటకు మించి సాగనివ్వకండి. మొదటి పది నిమిషాలు పోయిన నెల రాసుకున్న పనులు ఏమయ్యాయో చదవండి. ఇది మానేస్తే మూడో నెలకు ఎవరూ రారు. చివర్లో తీర్మానం గట్టిగా చదివి వినిపించి, అప్పుడే సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. ఖాళీ పేజీ మీద ముందుగా సంతకాలు పెట్టించుకునే అలవాటు ఎక్కడ ఉన్నా ఆపించండి.

నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో రాత్రిపూట అక్షరాలు దిద్దడానికి కూర్చున్న ఆడవాళ్లే దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేవదీశారు. రాత్రి ఏడున్నరకు ఆడవాళ్లు రారని ఎవరైనా అంటే ఆ మాట గుర్తు చేయండి.

3. బడిని ఒకసారి నడిచి చూడండి

టీచర్లు, ఇద్దరు తల్లులు, ఐదో తరగతి పిల్లలు ఇద్దరు, వీళ్లందరితో కలిసి తిరగండి. పిల్లలు లేకుండా తిరిగితే సగం సంగతులు తెలియవు. ఏ పంపు దగ్గర జారుతుందో, ఏ తలుపుకు గడియ పడదో వాళ్లకే తెలుసు. చూసింది చూసినట్టు రాయండి. "మరుగుదొడ్లు బాగాలేవు" అని రాస్తే పని జరగదు. "ఆడపిల్లల మరుగుదొడ్లు రెండు. ఒకదానికి లోపలి గడియ లేదు. రెండోదానికి నీళ్లు రావడం లేదు, పైపు గోడ దగ్గర పగిలింది" అని రాస్తే ప్లంబర్ ఏం తేవాలో కూడా అందులోనే ఉంటుంది.

రాసుకున్నవి ఇరవై దాటతాయి. అన్నీ ఒకేసారి ఎత్తుకోకండి. ఈ మూడు నెలలకు రెండే పనులు ఎంచుకోండి. ఒకటి కంటికి కనిపించేది కావాలి, అంటే గడియ, పంపు, పైపు లాంటిది. రెండోది చదువుకు సంబంధించినది. మొదటిది త్వరగా పూర్తవుతుంది, దానితో ఊళ్లో నమ్మకం వస్తుంది. ఆ నమ్మకం రెండోదానికి కావాలి, ఎందుకంటే అది నిదానంగా కదులుతుంది.

4. నీళ్లు, మరుగుదొడ్డి

ఆడపిల్లల హాజరు ఆరో తరగతి నుంచి పడిపోతుంటే ముందు ఇక్కడ చూడండి. నాలుగు విషయాలు సరిచూడాలి: లోపలి గడియ పడుతుందా, లోపల పంపు తిప్పితే నీళ్లు వస్తున్నాయా, మూత ఉన్న చెత్తబుట్ట ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంటోంది. నాలుగోది చాలామంది అడగరు. కట్టిన మరుగుదొడ్డికి తాళం వేసి, "పాడవుతుందని" దాచిపెట్టడం పెద్ద తప్పు. శుభ్రం చేసే ఆయా రోజూ వస్తున్నదా, ఆమెకు ఫినాయిల్, బ్రష్షులు అందుతున్నాయా, జీతం నెలనెలా పడుతోందా కనుక్కోండి. జీతం ఆగితే ఆమెను నిలదీయకండి, ఆగిన నెలలు లెక్క రాసి అర్జీ పెట్టండి.

నలభై మంది పిల్లలకు ఒక మరుగుదొడ్డి, మూడు మూత్రశాలలు ఉండాలన్నది బడుల పరిశుభ్రతకు కేంద్రం పెట్టిన స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమం కొలత. మగపిల్లలకు, ఆడపిల్లలకు విడివిడిగా లెక్కేయండి.

మోటారు తరచూ కాలుతుంటే కొత్త మోటారు కొనే ముందు కారణం పట్టుకోండి. వేసవిలో బోరులో నీరు దిగిపోయి మోటారు ఉత్తిగా తిరిగితే కాలుతుంది. వోల్టేజి పడిపోయినా కాలుతుంది. నీరు లేనప్పుడు ఆగిపోయే స్టార్టరు వేయిస్తే మొదటి ఇబ్బంది తీరుతుంది. ట్యాంకులో ఫ్లోటు వాల్వు లేకపోతే నీళ్లు పొర్లి గోడ నాని, రెండేళ్లలో ఆ గోడే పనికి రాకుండా పోతుంది.

తాగునీటి ట్యాంకు మూడు నెలలకోసారి కడిగించి, కడిగిన తేదీ ట్యాంకు మీదే పెయింటుతో రాయించండి. కడిగాక వెయ్యి లీటర్లకు 4 గ్రాముల బ్లీచింగ్ పౌడరు చాలు. పొడిని నేరుగా ట్యాంకులో చల్లకండి. బకెట్ నీళ్లలో కలిపి, తేరనిచ్చి, పైన తేట నీరు మాత్రమే పోయండి. అరగంట ఆగాక తాగవచ్చు. పంపు దగ్గర పట్టిన నీళ్లలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పంచాయతీ దగ్గర చుక్కలు వేసి రంగు చూసే పరీక్ష పెట్టె ఉంటే దానితో చూడండి. పౌడరు సంచి నెలల తరబడి మూతి తెరిచి ఉంటే బలం పోతుంది, అలాంటిది ఎంత వేసినా ఉపయోగం లేదు. 4 గ్రాములు తూచడం కష్టమైతే కిరాణా కొట్టులో 40 గ్రాములు తూయించి పది భాగాలు చేసుకుని, గాలి చొరని డబ్బాలో పెట్టండి.

హెచ్చరిక: కనిగిరి, పామూరు, మర్రిపూడి, ఉదయగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది. బ్లీచింగ్ దాన్ని తీసేయదు. నీళ్లు కాచినా పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీరు దొరకని చోట 1.5 మించకూడదు. నమూనా ప్లాస్టిక్ సీసాలోనే పట్టి, గ్రామీణ నీటిసరఫరా శాఖ ల్యాబులో ఇచ్చి ఫలితం కాగితం ఫైలులో పెట్టండి. ఎక్కువుంటే ఆ బోరును చేతులు కడగడానికి, మరుగుదొడ్లకు ఉంచి, తాగడానికీ వంటకూ వేరే నీరు ఏర్పాటు చేయాలి. వంట సంగతి మరిచిపోతుంటారు. పప్పు ఉడికేది ఆ నీళ్లలోనే.

5. రాని పిల్లల జాబితా

నెలకు మూడు రోజులు మానే పిల్ల ఏడాదికి నెల రోజుల చదువు పోగొట్టుకుంటుంది. హాజరు పట్టీలో తరగతి మొత్తం శాతం బాగానే కనిపిస్తుంది, ఆ పిల్ల మాత్రం కనిపించదు. అందుకే శాతాలు అడక్కండి, పేర్లు అడగండి.

ప్రతి శనివారం టీచరు దగ్గర "ఈ వారం వరసగా మూడు రోజులు రానివాళ్లు" అని నాలుగైదు పేర్లు తీసుకోండి. ఆదివారం ఆ ఇళ్లకు ఇద్దరు వెళ్లండి, అందులో ఒకరు ఆ వాడవాళ్లే కావాలి. వెళ్లగానే "ఎందుకు పంపలేదమ్మా?" అనకండి. "బిడ్డకు ఒంట్లో బాగుందా?" అని మొదలుపెడితే అసలు కారణం బయటికొస్తుంది. కారణం పుస్తకంలో ఒక్క మాటలో రాయండి: జ్వరం, చంటిబిడ్డను చూసుకోవడం, పొగాకు రెలుపులు (ఆకు కోత), మిరప కోతలకు వలస, గొర్రెలు, చెప్పులు లేవు, టీచరు కొట్టారు.

ఒక్కో కారణానికి ఒక్కో దారి ఉంటుంది. చంటిబిడ్డ కారణమైతే అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడండి. రెలుపులు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ పనులు ఎక్కువగా ఉండే నెలల్లో రైతులతోనే మాట్లాడాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం నేరమని ముందుగానే, పంట వేసేటప్పుడే, సమావేశంలో అందరి ముందు చెప్పడం మేలు. పని నడుస్తుండగా వెళ్తే గొడవే మిగులుతుంది. కుటుంబం వలస పోతుంటే బయలుదేరక ముందే బిడ్డను తాతమ్మ దగ్గర ఉంచే వీలుందా చూడండి, లేదా సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద నడిచే సీజనల్ హాస్టల్ గురించి ఎంఈవో (మండల విద్యాధికారి) గారిని అడగండి. హాస్టల్‌కు పిల్లల జాబితా ముందే కావాలి కాబట్టి అక్టోబరులోనే అడగాలి, జనవరిలో అడిగితే ఆలస్యమైపోతుంది. వెంట తీసుకుపోక తప్పకపోతే వెళ్లే ఊరి బడిలో చేర్చుకోవాల్సిందే. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం చట్టం ఒప్పదు.

యానాది కాలనీ పిల్లల విషయంలో ఎక్కువగా వినిపించేది "ఆధార్ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు" అన్నది. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లకూ ప్రవేశం నిరాకరించకూడదు. ముందు బడిలో చేర్చి, కాగితాలు తర్వాత సచివాలయంలో చేయించుకోవాలి. ఈ వరస తిప్పకండి. "కాగితాలు తెచ్చుకో" అని వెనక్కి పంపిన తల్లి మళ్లీ ఆ గడప తొక్కడానికి ఏడాది పడుతుంది.

టీచరు కొట్టారన్న కారణం వస్తే దాచకండి, ఊరంతా చాటకండి. పిల్లలను కొట్టడం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. ముందు హెచ్‌ఎం గారితో నేరుగా, మళ్లీ జరిగితే ఎంఈవోకు రాతపూర్వకంగా చెప్పండి. బిడ్డకు ప్రమాదం అనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.

6. చదవడం వచ్చిందో లేదో చూడటం

అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నలు దీని మీదే వస్తాయి. ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

ముందు హెచ్‌ఎం గారి అనుమతి తీసుకోండి, టీచర్లను పక్కనే ఉండమనండి. రెండు నుంచి ఐదో తరగతి దాకా ప్రతి పిల్లనూ విడిగా, వరండాలో అందరికీ కనిపించే చోట కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు చదివించండి. నాలుగు కాగితాలు పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.

మొదటిది విడి అక్షరాలు, పది. రెండోది గుణింతాల పదాలు, ఒత్తులు లేనివి: చేప, గాలి, పడవ, నీరు, వల. మూడోది ఒత్తులున్నవి: ఉప్పు, చుట్టం, వర్షం, పుస్తకం, నక్షత్రం. నాలుగోది పిల్లలు ముందెప్పుడూ చూడని నాలుగు వాక్యాల పేరా. చివర ఒక ప్రశ్న అడగాలి, దాని జవాబు పేరాలో మాట మాటగా ఉండకూడదు.

పేరాతో మొదలుపెట్టండి. చదివేస్తే ప్రశ్న అడిగి ఆపేయండి. తడబడితే మూడో కాగితం, అదీ రాకపోతే రెండోది ఇవ్వండి. ఐదింటిలో నాలుగు సరిగ్గా చదివితే ఆ మెట్టు వచ్చినట్టే. అక్షరాల కాగితంలో పదింటికి ఎనిమిది రావాలి. థ, ధ, బ, భ దగ్గర పలుకు కొంచెం మారితే తప్పుగా లెక్కించకండి, ఊళ్లో పలికే తీరు వేరు, చదవలేకపోవడం వేరు. లెక్కలకు రెండే చాలు: పదులు అప్పు తెచ్చుకునే తీసివేత (52లో 27 లాంటిది), నాలుగో తరగతి నుంచి మూడంకెల భాగహారం (846ను 6తో).

ఎక్కడ తప్పుతారంటే, పిల్లల సొంత పాఠ్యపుస్తకం ఇస్తారు. చాలామందికి ఆ పాఠం కంఠతా వస్తుంది. వేలు ఒక చోట, నోరు ఒక చోట ఉంటుంది. అనుమానమొస్తే పేరాలోని వాక్యాలు కింది నుంచి పైకి చదివించండి, తేలిపోతుంది. రెండో తప్పు, ఆ రోజు వచ్చినవాళ్లనే చూసి ఊరుకోవడం. తరచూ మానేవాళ్లే వెనకబడతారు కాబట్టి, వాళ్లను వదిలేస్తే లెక్క నిజం కన్నా బాగా కనిపిస్తుంది. రానివాళ్లను మరో రోజు కూర్చోబెట్టి చూడాల్సిందే. మూడోది అన్నిటికన్నా చెడ్డది: పిల్లల పేర్లు, ఫలితాలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం, పిల్ల తడబడుతుండగా వీడియో తీయడం. ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు, టీచరు మళ్లీ మిమ్మల్ని లోపలికి రానివ్వరు. పేర్లు పుస్తకంలో ఉండాలి, సమావేశంలో అంకెలు మాత్రమే చెప్పాలి: "మూడో తరగతిలో 14 మంది. పేరా చదివేవాళ్లు 5, ఒత్తుల దాకా 3, గుణింతాల దాకా 4, అక్షరాల దగ్గరే 2."

చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం చేపట్టిన నిపుణ్ భారత్ పెట్టుకున్న గురి 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవగలగాలని. మీ బడి దానికి ఎంత దూరంలో ఉందో ఆ ఒక్క వాక్యంలోనే కనిపిస్తుంది.

జూలైలో ఒకసారి, అక్టోబరు చివర ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి చూడండి. కాగితాల్లో పదాలు మార్చాలి, కష్టం మాత్రం అదే మెట్టులో ఉండాలి.

7. సాయంత్రం ముప్పావుగంట

చూసి వదిలేస్తే లాభం లేదు. వారానికి నాలుగు రోజులు, బడి వదిలాక ముప్పావుగంట, తరగతిని బట్టి కాకుండా మెట్టును బట్టి గుంపులు చేసి కూర్చోబెట్టండి. నాలుగో తరగతి పిల్లవాడు గుణింతాల గుంపులో ఉండవచ్చు. గుంపుకు "వెనకబడినవాళ్లు" లాంటి పేరు పెట్టకండి, పూల పేర్లో చేపల పేర్లో పెట్టండి. ఒక్కరికి ఎనిమిది నుంచి పది మంది పిల్లలు, అంతకు మించితే చదివించడం పోయి అదుపు చేయడమే పనవుతుంది. ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయిలు, అబ్బాయిలు దీనికి బాగా పనికొస్తారు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపు వేసిన గదిలో ఎవరూ ఒంటరిగా పిల్లతో ఉండకూడదు. ఈ నియమంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి, ఎంత తెలిసినవాళ్లయినా సరే.

పుస్తకాలు లేవని ఆగకండి. బస్సు బోర్డులు మంచి పాఠాలు. సంగం, కావలి, పామూరు, గూడూరు, కనిగిరి గుణింతాల గుంపుకు. నెల్లూరు, అల్లూరు, ముత్తుకూరు, మర్రిపూడి ఒకే అక్షరానికి అదే ఒత్తు వచ్చేవి. ఆత్మకూరు, చీమకుర్తి, మార్కాపురం వేరే ఒత్తులు వచ్చేవి. కొత్తపట్నంలో రెండు రకాలూ ఉన్నాయి. అట్టముక్కల మీద రాసి ఇస్తే, ఆదివారం బస్టాండులో ఆ పేరు తనంతట తాను చదివిన పిల్ల ఇంటికొచ్చి చెప్పక మానదు. దాని తర్వాత పత్రికల్లో పెద్ద అక్షరాల శీర్షికలు, ఆ తర్వాత బడి గ్రంథాలయంలోని కథల పుస్తకాలు. పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటే, పోతే పోయాయి అన్న ధైర్యంతో బయటికి తీయించండి. ఏడాదికి ఐదు పుస్తకాలు చిరిగిన గ్రంథాలయం పని చేస్తున్నట్టే.

ఆరు వారాలకు ఒక మెట్టు ఎక్కని పిల్ల ఉంటే ముందు కంటిచూపు, వినికిడి ఏఎన్ఎంకు (ఊరి ఆరోగ్య కార్యకర్తకు) చూపించండి. నల్లబల్ల కనిపించక వెనకబడిన పిల్లను తెలివి తక్కువదని అనుకోవడం చాలా చోట్ల జరుగుతుంది.

8. మధ్యాహ్న భోజనం

ఒక వారానికి ఒక తల్లి చొప్పున వంతు వేసుకోండి. ఆమె చేసే పని మూడే: తూకం చూడటం, వడ్డించే ముందు రుచి చూడటం, పుస్తకంలో ఒక వాక్యం రాయడం లేదా రాయించడం. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. అంటే నలభై మందికి నాలుగు కిలోల బియ్యం, 800 గ్రాముల పప్పు, రెండు కిలోల కూరగాయలు, 200 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఇవన్నీ ఒకటిన్నర రెట్లు.

పప్పు నీళ్లగా ఉంటే వంట చేసే అమ్మ మీద విరుచుకుపడేముందు ఆమెకు బిల్లు ఎప్పుడు వచ్చిందో అడగండి. సరుకులు ముందు ఆమె కొంటుంది, డబ్బు తర్వాత వస్తుంది. బిల్లు నెలల తరబడి ఆగితే ఆ ఆగడమే పప్పులో కనిపిస్తుంది. ఎన్ని నెలలు ఆగిందో తీర్మానంలో రాయించి పంపితే వంటకూ మేలు, ఆమెకూ మేలు.

9. డబ్బు, అర్జీ

సమగ్ర శిక్ష కింద బడికి ఏటా మిశ్రమ గ్రాంటు ఉంటుంది. పిల్లల సంఖ్యను బట్టి కేంద్రం పెట్టిన పరిమితులు: 30 మంది దాకా 10,000 రూపాయలు, 100 దాకా 25,000, 250 దాకా 50,000, 1,000 దాకా 75,000, ఆ పైన లక్ష. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు చేయాలి. ఈ ఏడు ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, దేనికి ఖర్చయింది అన్న మూడు ప్రశ్నలూ సమావేశంలో అడిగి రాయండి. మంజూరుకూ విడుదలకూ తేడా ఉంటే ఆ తప్పు హెచ్‌ఎం గారిది కాకపోవచ్చు.

చందా వసూలు చేయాల్సి వస్తే ఎవరినీ బలవంతం చేయకండి. "పిల్లకు ఇంత" అని తలసరి వేయకండి. ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ బడిలో చదువు ఉచితమని చట్టం చెబుతుంది, కట్టలేని ఇంటి పిల్ల తలవంచుకుని బడి మానేస్తుంది. ఊరు వదిలి వెళ్లిన పాత విద్యార్థులను అడగండి, అదీ ఒక వస్తువు పేరుతో: "రెండు సీలింగ్ ఫ్యాన్లు" లేదా "మోటారు స్టార్టరు". కొన్న వస్తువు బిల్లు నకలు ఇచ్చినవాళ్లకు పంపండి, బడి స్టాకు రిజిస్టరులో ఎక్కించండి. రిజిస్టరులో ఎక్కని వస్తువు ఎవరిదీ కాకుండా పోతుంది.

అర్జీలో ఒకే సమస్య రాయండి. పైన బడి పేరు, యూడైస్ కోడ్, కింద తీర్మానం తేదీ, జతగా ఫోటో. ముందు ఎంఈవోకు ఇచ్చి రసీదు తీసుకోండి, నెల ఆగండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ రసీదు జత చేసి ఇవ్వండి. టీచర్ల కొరత మీద రాసేటప్పుడు చట్టం చెప్పిన లెక్కే రాయండి: ఒకటి నుంచి ఐదు తరగతులకు 60 మంది దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు.

10. వానలకు ముందు, తర్వాత

మన రెండు జిల్లాలకూ పెద్ద వానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరులోనే. 2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సెప్టెంబరులోనే స్లాబు మీద ఆకులు ఊడ్చి, నీళ్లు పోయే గొట్టాలు తెరిపించండి. రికార్డులు, పుస్తకాలు నేలకు మూడడుగుల పైన పెట్టించండి. వాన తగ్గాక పిల్లలను పిలిచే ముందు తడిసిన గోడల్లోని స్విచ్చులు ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి, పెచ్చులూడే పైకప్పు కింద తరగతి పెట్టకూడదు, ట్యాంకు కడగాలి. బడిలో పునరావాసం పెట్టి ఉంటే మరుగుదొడ్లు శుభ్రం చేయించి అప్పగించమని పంచాయతీని అదే రోజు అడగండి.

11. ఏప్రిల్‌లో చేయాల్సింది

సెలవులకు ముందు మెయిన్ స్విచ్చు ఆపించి, ట్యాంకు మూత బిగించి, ఇద్దరి ఫోన్ నంబర్లు గేటుకు లోపల రాయించండి. పుస్తకం తిరగేసి, జూలైలోనూ ఫిబ్రవరిలోనూ రాసిన చదువు అంకెలు పక్కపక్కన పెట్టి చివరి సమావేశంలో చదవండి. కదలకపోతే కదలలేదనే చదవండి. సాయంత్రం గుంపు వారానికి ఎన్ని రోజులు నిజంగా నడిచిందో దాని పక్కనే రాస్తే చాలాసార్లు కారణం అక్కడే కనబడుతుంది.

ఆ తర్వాత ఐదో తరగతి పూర్తయిన పిల్లల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఆరో తరగతి బడి పక్క ఊళ్లో ఉన్న చోట్ల, అందులోనూ ఆడపిల్లలు, ఈ వేసవిలోనే జారిపోతారు. ఏ బస్సుకు, ఎవరితో కలిసి వెళ్తారో తల్లులతో మే నెలలోనే మాట్లాడుకోండి. జూన్‌లో బడి తెరిచిన రెండో వారం ఆ కాగితం తీసి, ప్రతి పేరు పక్కన చేరిన బడి పేరు రాయండి. ఖాళీగా మిగిలిన పేరు ఉంటే ఆ ఇంటికి ఆ వారమే వెళ్లండి.